అసాకుసాలో నిలబడి తిన్నవి

జపాను భాషలో ‘తబెఅరుకి’ అని ఒక మాట ఉంది. ‘తబె’ అంటే తినడం, ‘అరుకి’ అంటే నడవడం. వీధివీధీ తిరుగుతూ, అక్కడక్కడ దొరికే మంచి వస్తువుల రుచి చూడటమని దాని భావం. రెండు మాటలూ పక్కపక్కన పడటంతో నడుస్తూనే తినడమనే అర్థం కూడా వచ్చి చేరింది. చిత్రమేమిటంటే, టోక్యోలో ఈ పనికి పెట్టింది పేరయిన అసాకుసా పేటలోనే, ఆ రెండో అర్థాన్ని ఆచరణలో పెట్టవద్దని దుకాణాల ముందు కాగితాలు అంటించి ఉంటాయి. కొన్నచోటే, అంగడి ముందే నిలబడి, తిని, చేతిలోని కాగితమూ పుల్లా అక్కడే ఉన్న బుట్టలో వేసి మరీ కదలాలి. టోక్యోకు దక్షిణాన ఉన్న కమకురా పట్టణం 2019లో దీనికోసం ఒక నిబంధననే చేసింది. జరిమానా లేదు కాని, కిక్కిరిసిన వీధుల్లో నడుస్తూ తినడం ఇతరులకు ఇబ్బంది కలిగించే పని అని చట్టసభ నోటితో చెప్పించారు.

మనవాళ్లు ఇలాంటివి చూసినప్పుడు ‘జపానువారి క్రమశిక్షణ!’ అని ఒక నమస్కారం పెట్టి ముందుకు వెళ్లిపోతారు. నాకు మాత్రం ఆ కాగితం చూసినప్పుడల్లా రాజమండ్రిలో మా వీధి చివరి బజ్జీల బండి గుర్తుకొస్తుంది. అక్కడా ఎవరూ నడుస్తూ తినేవారు కారు. బండి చుట్టూ అర్ధచంద్రాకారంలో నిలబడి, చేతిలో పాత నోటుపుస్తకపు కాగితం పట్టుకొని, నూనెలోంచి తరవాతి వాయి ఎప్పుడు లేస్తుందా అని చూస్తూ తినేవాళ్లం. ‘నడుస్తూ మేసేవి పశువులు’ అనేది మా నాయనమ్మ. ఆవిడ ఏ చట్టసభలోనూ సభ్యురాలు కాదు.

అసాకుసా సుమిదా నదికి పడమటి గట్టున ఉన్న పాతపేట. పేటకు ప్రాణం సెన్సోజి ఆలయం. 628లో ఇద్దరు అన్నదమ్ములు నదిలో చేపలకు వల వేస్తే చిన్న కన్నోన్ విగ్రహం పడిందనీ, ఊరిపెద్ద తన ఇంటినే గుడిగా మార్చాడనీ స్థలపురాణం. కన్నోన్ అంటే మన అవలోకితేశ్వరుడే. చైనా మీదుగా తూర్పుకు వచ్చేసరికి ఆయనకు అమ్మవారి పోలికలు వచ్చాయి. ఆ విగ్రహాన్ని 645లో మరుగుపరచారట, నాటినుంచి ఎవరికీ చూపరు. కంటికి కనబడని ఆ మూర్తి కోసం జనం ఏటా కోట్లలో వస్తారు. వచ్చిన ప్రతివారూ ముందు కమినారిమోన్, అంటే ఉరుము ద్వారం, కింద నిలబడి 700 కిలోల ఎర్రకాగితపు లాంతరును ఫోటో తీసుకొంటారు. అక్కడినుంచి గుడిదాకా సుమారు 250 మీటర్ల పొడవున, రెండు వైపులా కలిపి 90 దాకా చిన్నచిన్న అంగళ్లు. ఆ వీధి పేరు నకామిసె.

ఈ అంగళ్ల పుట్టుక నాకు చాలా నచ్చిన సంగతి. పదిహేడో శతాబ్దం చివర, పద్దెనిమిదో శతాబ్దం మొదట, గుడి ఆవరణను ఊడ్చి శుభ్రం చేసే బాధ్యత చుట్టుపక్కల ఇళ్లవారి మీద ఉండేది. ఆ చాకిరీకి బదులుగా దారి పక్కన అంగడి పెట్టుకొనే హక్కు వారికి ఇచ్చారు. అంటే నకామిసెలో తిండి అమ్మడమనేది చీపురు పట్టినవారికి దక్కిన హక్కు. కాగితం ముక్క కింద పడితే ఈ వీధి దుకాణదారులు ముఖం చిట్లిస్తారంటే దాని వెనుక మూడు వందల ఏళ్ల చరిత్ర ఉందన్నమాట.

పేట పాతదే కాని, కట్టడాలలో నిజంగా పాతవి బహుకొద్ది. ఉరుము ద్వారం 1865లో కాలిపోయింది. మత్సుషితా కంపెనీ వ్యవస్థాపకుడు కొనొసుకె మత్సుషితా తన జబ్బు నయమైనందుకు మొక్కు చెల్లించినట్లుగా 1960లో కట్టించి ఇచ్చేదాకా, 95 ఏళ్లపాటు అక్కడ ద్వారమే లేదు. 1923 భూకంపంలో నకామిసె ఇటుక అంగళ్లు కూలాయి. 1945 మార్చి 10 నాటి బాంబుదాడిలో ఒక్క రాత్రిలో టోక్యోలో దాదాపు లక్షమంది చనిపోయారు, ప్రధానాలయం బూడిదయింది. ఇప్పటి ఆలయం 1958లో కట్టిన కాంక్రీటు కట్టడం. ఆవరణలో ఆ రాత్రి కాలి, మానుమీద మసిమచ్చతో ఇప్పటికీ చిగురిస్తున్న గింకో చెట్టు ఒకటుంది. ఇన్నిసార్లు కాలిన పేటలో పాతవై మిగిలినవి ఏమిటని చూస్తే, ఉత్సవాలు, కొన్ని పేర్లు, కొన్ని తినుబండారాలు. చెక్క కాలిపోతుంది, పాకం పట్టే చెయ్యి మరొక చేతికి పాకం పట్టడం నేర్పి పోతుంది.

అసాకుసాకు నేను చాలాసార్లు వెళ్లాను. మేముండే నిషికసాయి నుంచి తోజాయి లైనులో నిహోంబాషి దాకా, అక్కడ గింజా లైను మారితే అసాకుసా. (ఆ గింజా లైనులో ఉఎనో, అసాకుసా మధ్యనున్న ముక్క 1927లో మొదలైంది. ఆసియాలో మొట్టమొదటి భూగర్భ రైలు అదే.) ఎన్నిసార్లు వెళ్లినా ఆ పేటను తిండి కోసం శ్రద్ధగా చూసింది మాత్రం అమ్మను తీసుకువెళ్లిన రోజునే.

నాన్నగారు పోయిన ఏడాదికి అమ్మ మా దగ్గరికి వచ్చింది. కార్తీకమాసం వెళ్లాక వచ్చి, మూడు నెలలు ఉండేట్టు ఏర్పాటు. నిషికసాయిలో మనవాళ్లు బాగానే ఉంటారు. 2000 ప్రాంతం నుంచి కంప్యూటరు ఉద్యోగాలకు వచ్చినవాళ్లు అక్కడ గూడు కట్టుకొన్నారు. కందిపప్పుకూ, చింతపండుకూ కొదవ లేదు. అయినా అమ్మ నెల తిరక్కుండానే టికెట్టు ముందుకు మార్చమని రెండుసార్లు అడిగింది. కారణం అడిగితే చెప్పదు. “ఇక్కడ నాకు చేతికి పని లేదు, నోటికి మాట లేదు” అంది ఒకసారి. పదకొండో అంతస్తులో కిటికీ దగ్గర కూర్చుని, కింద వెళ్లే సైకిళ్లు లెక్కపెట్టడంతోనే ఆవిడకు రోజు గడిచేది. ఆ రోజుల్లో మా ఇంటి పొయ్యి మీద ఉడకనిది ఒక్క మెతుకు కూడా ఆవిడ నోట్లోకి పోలేదు. గుడ్డు కూడా తినదు సరికదా, బయటి తిండి విషయంలో ఆవిడకు ఒక సొంత శాస్త్రం ఉంది: చేసే చెయ్యి కళ్లెదుట కనబడాలి. రాజమండ్రిలోనూ అంతే. పెద్ద హోటలులో మంచినీళ్లు కూడా ముట్టదు కాని, బండి దగ్గర నిలబడి, అతను సెనగపిండి కలపడం దగ్గరనుంచీ చూసి, బజ్జీ తింటుంది. “లోపల ఎక్కడో చేసి పళ్లెంలో పెట్టి తెచ్చేదానికంటే ఇదే నయం కదా” అనేది.

జపానులో శాకాహారి అవస్థ తెలిసినవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. మాంసంతో పెద్ద చిక్కు లేదు, అది కంటికి కనబడుతుంది. చిక్కంతా దాషితో. కత్సుఓబుషి అని, చేపను ఉడికించి పొగబెట్టి కర్రలా ఎండబెట్టి, చిత్రిక పట్టినట్టు పొరలు పొరలుగా గీసి, ఆ పొరలను వేడినీళ్లలో వేసి తీసిన రసమే చాలా వంటలకు ఆధారం. నూడుల్సు పులుసులో ఉంటుంది, ఒకోనొమియకి పిండిలో ఉంటుంది, కూరగాయలు మాత్రమే కనిపించే గిన్నెలోనూ ఉంటుంది. సముద్రపు నాచుతో చేసే దాషి కూడా ఉంది, బౌద్ధ మఠాల వంటలో అదే వాడతారు. కాని వీధిలో ఏది ఏదో ఎవరు చెప్పగలరు? అందుచేత అమ్మను అసాకుసాకు తీసుకువెళ్లినప్పుడు గుడి చూపించడమే నా ఉద్దేశం. తిండి మాట తలపెట్టలేదు. సంచిలో పులిహోర డబ్బా ఉంది.

డిసెంబరు మొదటి వారం, మామూలు పనిరోజు, ఉదయం పది గంటలు. ఉరుము ద్వారం దాటగానే అమ్మ ఆగిపోయింది. “ఒరే, పాకం వాసన!” అంది.

నిజమే. ఒక అంగడిలో కమినారి ఒకోషి చేస్తున్నారు. బియ్యాన్ని పేలాల్లా పొంగించి, పంచదార, పిండిబెల్లం లాంటి తీపి జిగురు కలిపి కాచిన పాకంలో పోసి, వేరుశనగపప్పు చల్లి, వేడివేడిగా చెక్క చట్రంలో పరిచి, కర్రతో అదిమి, ఆరకముందే ముక్కలు కోస్తారు. ఏమిటది? మన మరమరాల అచ్చే. బెల్లం లేదు, అంతే తేడా. పద్దెనిమిదో శతాబ్దం చివర ఉరుము ద్వారాన్ని తిరిగి కట్టిన రోజుల్లో దాని పక్కన అమ్మడం మొదలుపెట్టారు. ‘కమినారి’ అంటే ఉరుము. ‘ఒకోసు’ అంటే లేవదీయడం, నిలబెట్టడం. ఇంటిని నిలబెడుతుంది, పేరు నిలబెడుతుంది అనే శ్లేషతో శుభానికి కొనుక్కుపోయేవారట. ఇన్నిసార్లు కూలి లేచిన పేటకు ఇంతకంటే తగిన మిఠాయి ఉండదు.

అమ్మ ఆ మనిషి చేతులను చాలాసేపు చూసింది. అతను పాకం గట్టిపడేలోపు చట్రంలో సర్దే తొందరలో ఉన్నాడు, మమ్మల్ని గమనించనేలేదు. “ముదురుపాకం పట్టాడు. అరక్షణం ఆగితే చట్రానికి అంటుకుపోయేది” అంది, పక్కింటివారి పెళ్లి వంట చూసి చెప్పినట్టుగా. తరవాత రుచికి పెట్టిన ముక్క ఒకటి నేను తీసి ఇస్తే, ఒక్క నిమిషం అరచేతిలో పెట్టుకొని చూసి, నోట్లో వేసుకొంది. నేను నోరు మెదపలేదు. మెదిపితే ఆవిడకు తాను బయట తింటున్న సంగతి గుర్తుకొస్తుందని భయం.

ఆ తరవాతిది అగె మంజు. ఇది మరీ విచిత్రం. పద్నాలుగో శతాబ్దంలో చైనా నుంచి మాంసం కూరిన ఉడుకు రొట్టె వచ్చిందనీ, మాంసం ముట్టని బౌద్ధ సన్యాసుల కోసం లోపల తీపి ఎర్రపప్పు పెట్టారనీ, అలా మంజు పుట్టిందనీ చెబుతారు. ఆ పప్పు పేరు అజుకి. బొబ్బర్ల పోలికలో, ముదురెరుపులో ఉంటుంది. ఉడికించి, పంచదార వేసి ముద్ద చేస్తారు. పొట్టు తీసి మెత్తగా చేసేది ఒకటి, పలుకులు పలుకులుగా ఉంచేది మరొకటి. ఈ మంజును పిండిలో ముంచి నూనెలో వేయిస్తే అగె మంజు. అంటే లోపల పూర్ణం, పైన పిండి, కింద నూనె. గోదావరి మనిషికి ఇంకేం చెప్పాలి?

అంగట్లో ఉన్నావిడకు అరవై ఏళ్లుంటాయి. తల మీద తెల్ల గుడ్డ కట్టుకొంది. పైపిండిలో గుడ్డు ఉందా అని నాకు వచ్చిన జపానులో అడిగాను. ఆవిడ రెండు ముంజేతులూ గుండెలకెదురుగా గుణకారపు గుర్తులా పెట్టి చూపించింది. ఈ దేశంలో అది ‘లేదు’కూ గుర్తే, ‘కుదరదు’కూ గుర్తే.

“చేతులు అలా కట్టిందేమిట్రా? లేదంటోందా, వద్దంటోందా?” అంది అమ్మ.

మళ్లీ అడిగాను. లేదుట. అమ్మ అంతటితో ఊరుకోలేదు. “ఈ నూనెలో ఇంకేం వేస్తారో అడుగు.” అదీ అడిగాను. ఆవిడ నవ్వి, చేత్తో అంగడి మొత్తం చూపించింది. చూడండి, మంజు తప్ప ఇక్కడేముంది అన్నట్టు. లోపల పప్పుతో ఒక రకం, గుమ్మడికాయతో ఒకటి, నువ్వులతో ఒకటి, అన్నీ మంజులే. వెనక్కు చూస్తే గోడ, పక్కకు చూస్తే గోడ. చాటున వంటగది అనేది లేనేలేదు.

అప్పుడు తట్టింది నాకు, ఈ వీధిలో అమ్మ ఎందుకు తినగలిగిందో. ఒక అంగడికి ఒక వస్తువు. సెంబె చేసేవాడు సెంబె మాత్రమే చేస్తాడు. బొగ్గుల మీద బియ్యప్పిండి బిళ్లను మాటిమాటికీ తిరగేస్తూ సోయా రసం పూస్తాడు. దాంగో చేసేవాడు దాంగో మాత్రమే. టోక్యోలో ఏ పెద్ద హోటలుకు వెళ్లినా అట్ట మీద నూరు రకాలుంటాయి, అడిగితే లోపలికి వెళ్లి కనుక్కొస్తామంటారు, వచ్చి క్షమాపణ చెబుతారు. వారి మర్యాదలో లోపం లేదు. కాని ఇక్కడ లోపలికి వెళ్లి కనుక్కోవలసిన అవసరమే లేదు. దాషి దాక్కోవడానికి చోటు లేదు. తెలివైన పట్టికలూ, ఆకుపచ్చ చుక్కలూ చేయలేని పనిని నాలుగడుగుల వెడల్పున్న అంగడి తన ఇరుకుతనంతో చేస్తోంది.

అమ్మ అంగడి ముందే నిలబడి, కొంగు అడ్డం పెట్టుకొని తింది. “పూర్ణం బూరె. పైపిండిలో మినప్పప్పు లేదు, అందుకే కరకర తక్కువ” అని తీర్పు చెప్పి, “వేలితో చిల్లుచేసి నెయ్యి పోసుకోరూ వీళ్లు?” అని అడిగింది. ఇది ఎలా అనువదించాలో నాకు తెలియలేదు. తెలిసినంత మటుకు చెప్పాను. అంగడావిడ కళ్లు పెద్దవి చేసి, “వెన్నా?” అంది. ఆ తరవాత వారిద్దరి మధ్యా నా అవసరం లేకుండా కాసేపు సంభాషణ నడిచింది. ఒకరిది తెలుగు, ఒకరిది జపాను. చేతుల్తో పూర్ణం ఉండ కట్టి చూపించింది అమ్మ. ఆవిడ తన చేత్తో మంజు ఉండ కట్టి చూపించింది. ఉండ చుట్టే తీరు ఇద్దరిదీ ఒకటే. బొటనవేలు మాత్రం ఆవిడది కొంచెం లోపలికి తిరుగుతుంది.

చలికి అమజాకె తాగించాను. పేరులో ‘సాకె’ ఉందని అమ్మ ముందు ముఖం తిప్పుకొంది. అక్కడ అమ్మేది కోజితో చేసినది, సారాయి కాదు. ఉడికిన అన్నంలో కోజి అనే బూజు పట్టించిన బియ్యం కలిపి ఒక రాత్రి వెచ్చగా ఉంచితే, అన్నంలోని పిండి తనంతట తానే తీపెక్కుతుంది. పంచదార వేయనక్కరలేదు. రెండు గుక్కలు తాగి, “తరవాణికి తీపెక్కితే ఇలా ఉంటుంది” అంది. తరవాణి పులుపు, ఇది తీపి. కాని అడుగున తేలే మెతుకులూ, ఆ పులిసిన వాసన అంచూ నిజంగానే ఒక కుటుంబానివి. కిబి దాంగో కూడా తింది. కిబి అంటే వరిగలు. ఆ పిండితో చిన్న ఉండలు చేసి, పుల్లకు గుచ్చి, వేయించిన సోయాపప్పు పొడిలో దొర్లించి ఇస్తారు. ఇమో యోకన్ అనే చిలగడదుంప బిళ్లను ఇంటికి కట్టించుకొన్నాం. ఫునావా అనే అంగడివారు 1902 నుంచి చేస్తున్నారు. అప్పట్లో పప్పుతో చేసే యోకన్ ఖరీదు కాబట్టి, పేదవాళ్లకు అందేలా దుంపతో చేశారట. దుంప, పంచదార, ఉప్పు. అంతే. నింగ్యో యకి మాత్రం చూసి వదిలేశాం. ఇనప అచ్చుల్లో లాంతరు, గోపురం, పావురం ఆకారాల్లో పోసి కాల్చే ఆ బుల్లి కేకుల పిండిలో గుడ్డుంది. అచ్చు తిప్పడం చూస్తూ పది నిమిషాలు నిలబడ్డాం, కొనలేదు. ఎవరూ ఏమీ అనలేదు.

ఒక చిన్న పక్కదారి. ఈనాడు సుషి, తెంపురా అంటే తెల్లబట్టలు, నిశ్శబ్దం, భయపెట్టే బిల్లు. ఎదోలో, అంటే పాత టోక్యోలో, ఇవి రెండూ వీధి బండి తిండే. పద్దెనిమిదో శతాబ్దానికి ఆ నగరం పది లక్షల జనాభాకు చేరుకొంది. వారిలో ఊళ్లనుంచి పనికి వచ్చిన ఒంటరి మగవాళ్లే ఎక్కువ. వాళ్లకు వంటిల్లు లేదు. పైగా 1657 నాటి అగ్నిప్రమాదంలో నగరంలో పెద్దభాగం కాలిపోయిన జ్ఞాపకం ఉండగా, కొయ్య ఇంట్లో మరిగే నూనె పెట్టుకొనే ధైర్యం ఎవరికి? అందుకే తెంపురా వీధిలోకి వచ్చింది, పుల్లకు గుచ్చి, నిలబడి తినే తిండిగా. ఇంటికి దూరంగా, వంట చేసి పెట్టేవారు లేని మగవాళ్ల కోసం పుట్టిన తిండి అది. నిషికసాయిలో తొలి రెండేళ్లు నేను బతికిన బతుకూ అదే కనుక, ఈ చరిత్ర నాకు పుస్తకంలోదిగా అనిపించదు.

ఇప్పుడు కొంచెం కటువైన మాట. ఈ వీధి ఇలాగే ఉంటుందన్న నమ్మకం నాకు లేదు. నకామిసె నేల గుడిది. కట్టడాలు చాలాకాలం టోక్యో ప్రభుత్వానివి. 2017లో కట్టడాలను కూడా గుడి కొనుక్కొంది. అప్పటిదాకా అద్దె నామమాత్రం. 2018 నుంచి విడతలవారీగా పెంచుతారనీ, చివరికి పాత అద్దెకు పది రెట్లు దాటుతుందనీ పత్రికలు రాశాయి. గుడి వాదన తప్పని అనలేను. చుట్టుపక్కల వీధుల్లో ఉన్న ధరతో పోలిస్తే ఆ పెంచినదీ తక్కువేనట. ఆ తరవాత 2020లో మహమ్మారి వచ్చింది. 2022 అక్టోబరు దాకా పర్యాటకులు స్వేచ్ఛగా రాలేకపోయారు. తిరిగి తెరిచాక వరదలా వచ్చారు: 2024లో జపానుకు వచ్చిన విదేశీయుల సంఖ్య సుమారు 3.69 కోట్లు. వరదకు తగినట్టే కొత్త అంగళ్లు. పంచదార పాకంలో ముంచిన స్ట్రాబెర్రీల పుల్లలు, ఖరీదైన గొడ్డుమాంసపు పుల్లలు. కెమెరా కోసం చేసిన తిండి. వాటిని తక్కువ చేయను. స్ట్రాబెర్రీ పుల్ల పట్టుకొన్న పిల్లల ముఖాలు చూస్తే ఎవరికి మాత్రం కాదనబుద్ధి అవుతుంది? కాని నూటయాభై, రెండొందల యెన్‌ల మంజు ఒక్కటే అమ్మి బతికే అంగడి, అద్దె పెరిగితే రెండో వస్తువు పెట్టాలి, తరవాత మూడోది. నూనె మూకుడు ఒక్కటే ఉంటుంది. అప్పుడు మా అమ్మ అడిగిన ప్రశ్నకు ఆవిడ అంగడంతా చూపించి నవ్వలేదు.

గుడి దాటి ఈశాన్యంగా పది నిమిషాలు నడిస్తే, నది దగ్గర ఒక చిన్న గుట్ట మీద మత్సుచియమ షోదెన్ అనే మరో ఆలయం ఉంది. జనం చాలా పల్చన. అక్కడి మూర్తి షోతెన్, మరో పేరు కంగితెన్. మన వినాయకుడే. బౌద్ధంతోపాటు చైనా మీదుగా వచ్చాడు. ఆ విగ్రహాన్నీ ఎవరికీ చూపరు. గుడి మెట్లమీదా, గోడలమీదా, లాంతర్లమీదా రెండే గుర్తులు చెక్కి ఉంటాయి: ఒకటి డబ్బుసంచి, రెండోది పెనవేసుకొన్న రెండు ముల్లంగి దుంపలు. కొబ్బరికాయ స్థానంలో ఇక్కడ తెల్లటి దైకోన్ ముల్లంగి సమర్పిస్తారు. గుడిలోనే అమ్ముతారు. జనవరి 7న ముల్లంగి ఉత్సవం. ఉడికించిన ముల్లంగిని భక్తులకు పంచిపెడతారు.

“వినాయకుడికి ముల్లంగి ఏమిట్రా, ఉండ్రాళ్లు లేవూ?” అని అమ్మ.

ఉన్నాయి, ఒకరకంగా. క్యోతోలో ఒక పాత మిఠాయి అంగడివారు ఇదే దేవుడి నైవేద్యంగా, డబ్బుసంచి ఆకారంలో, లోపల సుగంధాలు కలిపిన పప్పుముద్ద పెట్టి నువ్వులనూనెలో వేయించి చేస్తారు. దాని మూలం మన మోదకమేనంటారు. ముల్లంగి కూడా వీళ్లు కల్పించినది కాదు. వరాహమిహిరుడి బృహత్సంహితలో కనబడే ఒక శ్లోకంలో ఏనుగు ముఖపు దేవుడి చేతిలో ఉన్నది ముల్లంగి దుంపే. మనం మరిచిపోయాం, వీళ్లు పట్టుకొని కూర్చున్నారు. ఇదంతా అమ్మకు చెప్పాను. సగం విని, చెప్పులు ఎక్కడ విడవాలో చూపించమంది.

లోపల ఆవిడ ఎంతసేపు కూర్చుందో నేను లెక్కపెట్టలేదు. గుంజీళ్లు తీసిందని మాత్రం తెలుసు. పక్కనున్న ఒక ముసలాయన ఆశ్చర్యంగా చూసి, తలవంచి నమస్కరించాడు. బయటికి వస్తూండగా ఒక బల్ల మీద, దేవుడికి సమర్పించి తీసిన ముల్లంగి దుంపలు పెట్టి ఉన్నాయి. కావలసినవారు తీసుకువెళ్లవచ్చని చీటీ. అమ్మ ఒకటి ఎంచి తీసింది. వంకాయలు బేరమాడేటప్పుడు చూసినట్టే గోటితో గిల్లి చూసింది, ప్రసాదమన్న సంగతి కాసేపు మరిచిపోయి. తరవాత కళ్లకద్దుకొంది. మోచేతి నుంచి వేళ్లదాకా ఉంది దుంప.

గింజా లైనులో దాన్ని పసిపిల్లలా ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. పులిహోర డబ్బా సంచిలో మూత తీయకుండానే తిరిగి వచ్చింది. టికెట్టు సంగతి ఆ రాత్రి ఎత్తలేదు. మర్నాడు పొద్దున ఎత్తింది. సంక్రాంతికి ఇంట్లో ఉండాలట, మంజు అంగడావిడ మూకుడులాంటిది దొరికితే కొనిపెట్టమని కూడా అంది. అసాకుసా పక్కనే కప్పబాషి అని, వంటసామాన్ల దుకాణాలే బారులు తీరిన వీధి ఉంది. మరుసటి వారం వెళ్లాం.

ముల్లంగి సగం పులుసుకు, సగం పచ్చడికి వచ్చింది. ఇక్కడి ముల్లంగిలో ఘాటు తక్కువ, నీరు ఎక్కువ. పులుసులో అది ఇంకా నీరు వదులుతుందని అమ్మ చింతపండు కొంచెం చిక్కగానే పిసికింది.